ఆర్నెల్ల చుట్టరికం

మా దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్ళకి నంబర్లతో పనిలేదు. "వాళ్ళబ్బాయి డల్లాస్‌లో ఉంటాడే, ఆ ఇల్లు", "వాళ్ళ కోడలికి మొన్ననే వీసా వచ్చిందే, దాని ఎదురిల్లు" అంటే చాలు, ఆటో అతను తిన్నగా తీసుకెళ్ళి గుమ్మంలో దింపుతాడు. మరీ ఎక్కువ చెప్తున్నానంటారా? సరే, ఆటో అతని సంగతి వదిలెయ్యండి. బండి మీద కూరలమ్మే ఆవిడకి మాత్రం అన్నీ తెలుసు. ఏ ఇంటి ముసలాయనైనా ఒక్కడే సంచీ పట్టుకొచ్చి పావుకిలో బెండకాయలు అడిగాడనుకోండి, తూకం వేస్తూనే "అమ్మగారు అమెరికా పోయింద్రా సార్?" అంటుంది. ఆర్నెల్ల తరవాత ఆయనే అరకిలో అడిగితే "అమ్మగారొచ్చింద్రా?" అంటుంది. ఇమిగ్రేషన్ వాళ్ళకి కంప్యూటర్లున్నాయి. ఈవిడకి తక్కెడ ఉంది. అంతే తేడా.

నా కాపురం ఎల్బీ నగర్‌లో. పుట్టిల్లు దిల్‌సుఖ్‌నగర్ పి అండ్ టి కాలనీ. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు వచ్చాక మా రెండిళ్ళకీ మధ్య ఇంకో రెండు స్టేషన్లు మాత్రమే మిగిలాయి. ఇలా ఎక్కి కూచుని, పక్కావిడ చీర అంచు పూర్తిగా చూసేలోపలే అలా దిగెయ్యాలి. పుట్టింటికి వెళ్ళటానికి ఎవరి స్టాంపూ అక్కర్లేని అదృష్టం నాది. మా చెల్లెలికి ఆ అదృష్టం లేదు. అది న్యూజెర్సీలో ఉంటుంది.

నేను కోఠీ ఉమెన్స్ కాలేజీలో బి.ఏ. వెలగబెట్టిన రోజుల్లో అమెరికా వీసా అంటే మద్రాసు. రాత్రి రైలెక్కి పొద్దున్న దిగి, జెమినీ దగ్గరున్న కాన్సులేటు ముందు వరసలో నించోవటం. వీసా వచ్చినవాడు మెరీనా బీచి చూసి వచ్చేవాడు, రానివాడు కూడా మెరీనా బీచి చూసే వచ్చేవాడు, కాకపోతే ఆ సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. 2008 అక్టోబరులో హైదరాబాదుకే కాన్సులేటు వచ్చింది. ముందు బేగంపేట పైగా ప్యాలెస్‌లో పెట్టారు, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకి మార్చారు. చిలుకూరు బాలాజీకి ఎలాగూ మార్పు లేదు. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణాలు, తీరాక నూట ఎనిమిది. ముందు కొంచెం తీసుకుని తరవాత పెద్దమొత్తం రాబట్టే పద్ధతి ఈ దేవుడికి ఎవరు నేర్పారో గాని, వీసా ఫీజు దానికి సరిగ్గా తలకిందులు. అది ముందే కట్టాలి, రాకపోయినా తిరిగివ్వరు.

ఇక మా పేటలో సందు సందుకీ హాస్టళ్ళు. ఆ హాస్టళ్ళ నిండా నల్గొండ, ఖమ్మం, గుంటూరు, కృష్ణా పిల్లలు. వాళ్ళ కోసం కోచింగులు, ఆ కోచింగుల పక్కన జిరాక్సు షాపులు, "యు.ఎస్. వీసా ఫొటోలు తీయబడును" అనే బోర్డులు. రెండంగుళాల చదరపు ఫొటో, వెనక తెల్లగా ఉండాలి, రెండు చెవులూ కనపడితే మరీ మంచిది, నవ్వకూడదు. 2016 నవంబరు నించి కళ్ళజోడు కూడా ఉండకూడదన్నారు. మా అమ్మ కళ్ళజోడు తీసి తీయించుకున్న ఫొటో చూసి నాన్నగారు, "నీ పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే చూశావు నా వంక" అన్నారు. "అప్పుడూ నాకు సరిగా కనపడలేదు లెండి" అంది అమ్మ.

అది 2017 జనవరి. చెల్లెలికి ఏడో నెల ప్రవేశించబోతోంది. తొలికాన్పు పుట్టింట్లో జరగటం మన ఆచారం కదా. బిడ్డని కనటానికి పిల్ల ఇక్కడికి రావాలి. కాని ఇప్పుడు పిల్ల రాదు. పుట్టిల్లే సూట్‌కేసులో ఇరవైమూడేసి కిలోలుగా సర్దుకుని అక్కడికి వెళుతుంది. ఇంగువా, వామూ, శొంఠీ, కారప్పొడీ, నాన్నగారి పాత పంచెలు చింపిన పొత్తిగుడ్డలూ. అక్కడ ఆస్పత్రిలో అన్నీ ఇస్తారమ్మా అంటే, "ఇస్తారు గాని మెత్తగా ఉండొద్దూ" అంది.

ఇంటర్వ్యూ రెండు నిమిషాలు. అద్దం వెనక కూచున్న దొరసానికి తెలుగు మాటలు అందించే మనిషి ఉన్నాడట. ఎందుకు వెళుతున్నారు, ఎంతమంది పిల్లలు, అల్లుడేం చేస్తాడు. చివర, "తిరిగి వస్తారా?" అని. అమ్మకి ఒళ్ళుమండిందట. "రాకపోతే ఈయనకి కాఫీ ఎవరిస్తారండీ?" అందట. అదేం జవాబని మేమంతా తలలు పట్టుకున్నాం. నాన్నగారు మాత్రం, "సరైన జవాబు" అన్నారు. అర్జీ పెట్టిన ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవటానికే వస్తున్నాడని ఆ దేశపు చట్టం ముందే అనుకుంటుందిట. కాదు, నాకు ఇంటి దగ్గర తెంచుకోలేని లంకె ఉంది అని రుజువు చేసుకోవలసిన భారం మనది. ఇల్లూ, పొలమూ, ఉద్యోగమూ, పెన్షనూ, ఇవన్నీ అందరూ చూపించే లంకెలు. నాన్నగారి కాఫీ లంకె ఎంత గట్టిదో ఆ దొరసానికి అర్థమయినట్టే ఉంది. పదేళ్ళ వీసా ఇచ్చింది.

పదేళ్ళు! కాలనీ అంతా పాకిపోయింది. "ఇంకేం, పదేళ్ళు హాయిగా కూతురి దగ్గర ఉండొచ్చు" అని ఎదురింటావిడ దిగులు పడిపోయింది కూడాను, మా అమ్మ దగ్గర ఆవిడ పెరుగు తోడు తీసుకుంటుంది. ఇక్కడే అసలు తిరకాసు. పదేళ్ళ వీసా అంటే పదేళ్ళు ఉండటానికి కాదు, పదేళ్ళ పాటు ఎన్నిసార్లయినా వాళ్ళ తలుపు తట్టటానికి. లోపల ఎంతకాలం కూచోవచ్చన్నది తలుపు తీసినాయన చెప్తాడు. విమానం దిగిన చోట ఒక ఆఫీసరు ఉంటాడు. ఆయన సాధారణంగా ఆర్నెల్లు రాస్తాడు. ఆ గడువు కాగితం పేరు ఐ-94. ఇప్పుడది కాగితం కూడా కాదు, కంప్యూటర్లో చూసుకోవాలి. ఆ తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా పదేళ్ళ వీసా చెల్లకుండా పోతుంది. నూట ఎనభై రోజులు దాటిస్తే మళ్ళీ మూడేళ్ళు రానివ్వరు, ఏడాది దాటితే పదేళ్ళు. ఇదంతా 1996 నాటి చట్టం. గడువు చాలకపోతే ముందే అర్జీ పెట్టుకుని పొడిగించమని అడగొచ్చు.

ఇవన్నీ నాకు తెలియటానికి కారణం నాన్నగారు. తపాలా శాఖలో ముప్ఫయ్యారేళ్ళు పనిచేసి సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యారాయన. రూలు అన్న మాట వింటే ఆయన ముఖం, సంగీతం తెలిసినవాడికి తంబురా వినిపించినట్టు వెలుగుతుంది. రిటైరయ్యాక పదేళ్ళు రూల్సు లేక ఎండిపోయి ఉన్నారు. అల్లుడి పుణ్యమా అని అమెరికా ఇమిగ్రేషన్ చట్టం దొరికింది. పెద్ద రిజిస్టరు ఒకటి కొని గళ్ళు గీశారు. పేరు, పాస్‌పోర్టు గడువు, వీసా గడువు, ఐ-94 గడువు, రిమార్కులు.

ఆర్నెల్లన్న ఆ రూలు మన తెలుగువాళ్ళ చుట్టరికాలని ఎలా మార్చేసిందో ఎవరైనా పరిశోధన చేస్తే బావుండును. మొదటి ఆర్నెల్లు పిల్ల తల్లి. రెండో ఆర్నెల్లు పిల్లాడి తల్లి. ఒకరు దిగే వారం ఒకరు ఎక్కుతారు. పూర్వం వియ్యపురాళ్ళు పెళ్ళిలో అలిగి, సీమంతానికి కలిసి, బారసాలకి మళ్ళీ అలిగేవారు. ఇప్పుడు అలగటానికి ఇద్దరూ ఒకేసారి ఒకే దేశంలో ఉంటే కదా! నెవార్క్ విమానాశ్రయంలో ఒక పూట కలుసుకుని డ్యూటీ అప్పగించుకుంటారు. "నీలాటిరేవు గిన్నె పైఅరలో పెట్టాను వదినా, బియ్యం బేస్‌మెంట్లో ఉన్నాయి, పాలపొడి వేడినీళ్ళలో కలపొద్దట." అంతే, నర్సులు షిఫ్టు మారినట్టు.

మా అమ్మ మార్చిలో వెళ్ళింది, ఏప్రిల్లో బుడ్డోడు పుట్టాడు, సెప్టెంబరులో తిరిగొచ్చింది. చెల్లెలి అత్తగారిది సూర్యాపేట దగ్గర పల్లె. ఆవిడ వరి నాట్లయ్యాక వెళ్ళి, మరుసటేడు మార్చిలో తిరిగొచ్చింది. ఒంటరిగా కాదు. పదకొండు నెలల బుడ్డోణ్ణి చంకనేసుకుని.

ఎందుకని అడిగితే చాలా కారణాలు చెప్పొచ్చు. మా మరిది అక్కడ చదువుకుని, లాటరీలో హెచ్‌-1బి వచ్చి ఉద్యోగంలో కుదిరాడు. లాటరీ అంటే నిజంగా లాటరీయే. ఏడాదికి అరవయ్యయిదు వేలు, అక్కడి పై చదువు చదివినవాళ్ళకి ఇంకో ఇరవై వేలు. అర్జీలు అంతకన్నా ఎన్నో రెట్లు వస్తాయి గనక చీట్లు తీస్తారు. ఆ వీసా మీద ఉన్నవాడి భార్యకి హెచ్‌-4. పూర్వం హెచ్‌-4 భార్యలు ఎంత చదువుకున్నా ఉద్యోగం చెయ్యకూడదు. 2015 మే నించి, భర్త గ్రీన్‌కార్డు అర్జీ ఒక మెట్టు దాటితే భార్యా ఉద్యోగం చెయ్యొచ్చన్నారు. మా చెల్లెలికి ఆ అనుమతి సరిగ్గా అప్పుడే వచ్చింది. ఇంజినీరింగు చదివి మూడేళ్ళు ఇంట్లో కూచున్న పిల్ల. పిల్లాడి తాతమ్మలిద్దరి ఆర్నెల్లూ అయిపోయాయి. పిల్లల్ని చూసే చోట కట్టే డబ్బు దాని జీతానికి దగ్గర దగ్గరగా ఉందట. "రెండేళ్ళు చూడమ్మా, మూడేళ్ళు రాగానే బళ్ళో వేసుకుంటాం" అంది ఫోన్లో. దాని గొంతు ఎలా ఉందో నేను రాయను. తల్లులయినవాళ్ళు ఊహించుకోగలరు, కానివాళ్ళకి రాసినా తెలియదు.

పిల్లాడు ఎక్కడ ఉండాలన్నది శంషాబాదులో కారు ఎక్కకముందే తేలిపోయింది. "మోకాళ్ళు నొస్తున్నయ్ వదినా. పొలం కాడికి పోకుంటె నడవదు. పిలగాన్ని నువ్వే సాదు. పండక్కి మాత్రం మా ఇంటికి తోలియ్యి" అంది వియ్యపురాలు. అంటూనే వాణ్ణి అమ్మ చేతిలో పెట్టి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అలా దిల్‌సుఖ్‌నగర్ పి అండ్ టి కాలనీలో ఒక అమెరికా పౌరుడు నివాసం మొదలుపెట్టాడు. వయసు పదకొండు నెలలు, పళ్ళు నాలుగు. అక్కడి గడ్డ మీద పుట్టాడు గనక ఆ దేశం వాడు. మన పాస్‌పోర్టు, ఆ పాస్‌పోర్టు, రెండూ పెట్టుకుంటానంటే మన దేశం ఒప్పుకోదు. ఇంకో దేశపు పౌరసత్వం కోరి తీసుకున్నవాడు మనవాడు కాడని రాజ్యాంగం తొమ్మిదో అధికరణమే చెప్పింది. దానికి ఉపశమనంగా ఓ.సి.ఐ. అని ఒక కార్డు పెట్టారు. ఆ పథకం మొదలైంది కూడా మన హైదరాబాదులోనే సుమండీ, 2006 జనవరిలో ఇక్కడ జరిగిన ప్రవాసి భారతీయ దివస్ సభల్లో. ఆ కార్డు ఉంటే జీవితాంతం వచ్చిపోవచ్చు, ఉండొచ్చు. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనకూడదు. సూర్యాపేట మామ్మగారికి ఈ సంగతి చెబితే, "మరి మా రెండెకరాలు ఎవనికి?" అని ఒక పూట అన్నం మానేసింది. కొనటానికి వీల్లేదు గాని వారసత్వంగా వస్తే పుచ్చుకోవచ్చని నాన్నగారు చూసి చెప్పాక తింది.

ఆ కార్డు తెప్పించే తీరిక అప్పటికి వాళ్ళకి లేక, బుడ్డోడు మామూలు ఎంట్రీ వీసా మీద వచ్చాడు. దాంతో నాన్నగారికి చేతినిండా పని దొరికింది. నూట ఎనభై రోజులు దాటి ఉండే పరదేశి అధికారుల దగ్గర నమోదు చేసుకోవాలి కదా, మనవాడి సంగతేమిటి? చంటిపిల్లలకి అక్కర్లేదని తేలింది. ఆయన కొంచెం నిరాశపడ్డారు. కాని ఇంకో రూలు దొరికింది. పరదేశిని ఇంట్లో దించుకున్నవాళ్ళు ఎవరైనా సరే, హోటలు గాని, ఇల్లు గాని, ఇరవైనాలుగు గంటల్లోగా ఫారం-సి నింపి తెలియచెయ్యాలి. నాన్నగారు ఇంటర్‌నెట్ సెంటరుకి వెళ్ళి కూచున్నారు. పరదేశి పేరు, జాతీయత, ఎక్కణ్ణించి వచ్చాడు, ఎక్కడికి వెళతాడు, అన్నీ నింపారు. వచ్చిన పని ఏమిటి అన్న గడి దగ్గర ఆగిపోయి ఇంటికి ఫోన్ చేశారు.

"ఏమేవ్, వీడు ఏ పని మీద వచ్చాడని రాయను?"

"ఇప్పుడే నా చీర మీద ఒకటి కానిచ్చాడు, అదే రాయండి" అంది అమ్మ.

చుట్టాలని చూడటానికి అని రాశారట చివరికి.

ఆ ఫారం వెనకున్న చట్టం 1946 నాటిది. నాన్నగారు పుట్టిందీ ఆ ఏడే. అందుకని దాని మీద ఆయనకి తోటివాడి మీద ఉండే అభిమానం ఉండేది. 2025లో ఆ చట్టాన్నీ, ఇంకో మూడు చట్టాల్నీ ఎత్తేసి ఒకే కొత్త చట్టం తెచ్చారు. సెప్టెంబరు ఒకటి నించి అమల్లోకి వచ్చింది. ఆరోజు పేపరు మడిచి పక్కన పెట్టి, "నా జతగాడు రిటైరయ్యాడు" అన్నారు.

పరదేశి అన్న మాట చూడండి. మన తెలుగులో అది ఊరికే పరాయి దేశం వాడని కాదు. దిక్కూ మొక్కూ లేని పరదేశి అంటాం, జాలిగా. అమెరికా చట్టంలో పరదేశికి ఏలియన్ అని పేరు. సినిమాల్లో పళ్ళెంలాంటి వాహనం దిగి వచ్చే ఆకుపచ్చ మనుషుల్ని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. మా కాలనీలో పరదేశి మాత్రం గోచీ కూడా లేకుండా అరుగు మీద పాకేవాడు, పూలమ్మి బుట్టలో చెయ్యి పెట్టేవాడు, గురువారాలు తాత భుజం ఎక్కి సాయిబాబా గుడికి వెళ్ళి ప్రసాదం రెండుసార్లు పుచ్చుకునేవాడు. మాటలు వచ్చాక అచ్చం మా సందు భాషే మాట్లాడాడు.

వాడు మా అమ్మని "అమ్మా" అనేవాడు. ఎంత చెప్పినా అంతే. వాళ్ళమ్మ రోజూ పొద్దున్న, అంటే దానికి రాత్రన్నమాట, ఫోన్లో కనపడేది. పాట పాడేది, బొమ్మలు చూపించేది. వాడు దానికి ఒక పేరు పెట్టాడు, "ఫోనమ్మ". మేమంతా మొదటిసారి విన్నప్పుడు నవ్వాం. అదీ నవ్వింది. నవ్వుతూనే చటుక్కున ఫోను పెట్టేసింది.

2018 డిసెంబరులో చెల్లెలూ మరిదీ మూడు వారాలు వచ్చారు. అందులో వారం వీసా స్టాంపింగుకే పోయింది. అది ఇంకో వింత. అక్కడ ఉద్యోగం చేసుకోవటానికి మూడేళ్ళు పొడిగింపు ఉంటుంది, అయినా ఒకసారి దేశం దాటి బయటికొస్తే తిరిగి వెళ్ళటానికి పాస్‌పోర్టులో కొత్త స్టాంపు వేయించుకోవాలి. లోపల ఉన్నంతసేపూ ఉండొచ్చు, బయటికొస్తేనే భయం. అందుకే ఎంతోమంది తల్లిదండ్రులు పోయినా రాలేక అక్కడే ఏడుస్తారు. వచ్చిన రోజు చెల్లెలు గుమ్మంలోంచే చేతులు చాచింది. వాడు అమ్మ కొంగు వెనక్కి వెళ్ళి, ఒక కన్నుతో చూసి, "ఫోన్లోంచి ఎట్లొచ్చినవ్?" అన్నాడు. అది అక్కడే చెప్పుల దగ్గర కూలబడిపోయింది. మూడు వారాల్లో వాడు దాని దగ్గర నిద్రపోయింది నాలుగు రాత్రులు. నాకెలా తెలుసంటారా? అది లెక్కపెట్టి నాకు చెప్పింది.

2020 ఏప్రిల్లో వాడికి మూడేళ్ళు నిండుతాయి, తీసుకెళ్ళిపోదామని టిక్కెట్లు కొన్నారు. ఆ ఏడు ఏమయిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మార్చిలో విమానాలు ఆగాయి. మనవాళ్ళు వీసాలే కాదు, జీవితాంతం అని ఇచ్చిన ఓ.సి.ఐ. కార్డుల మీద రావటాన్ని కూడా ఆపేశారు. జూన్ 22న అమెరికా వాళ్ళు, తమ దేశం బయట ఉండి చేతిలో చెల్లే వీసా లేని హెచ్‌-1బి వాళ్ళు రావద్దని ప్రకటించారు. ముందు ఏడాది చివరిదాకా అన్నారు, తరవాత 2021 మార్చి దాకా పొడిగించారు. మా మరిది స్టాంపు గడువు అప్పటికే అయిపోయింది. వాళ్ళు వస్తే తిరిగి వెళ్ళలేరు, ఉద్యోగం ఉండదు. పిల్లాడు వెళ్ళొచ్చు, వాడు ఆ దేశం వాడు, వాణ్ణి ఆపేవాళ్ళు లేరు. కాని మూడేళ్ళవాడు ఒక్కడే ఎలా వెళతాడు? పదినెలలు అలా గడిచాయి. మా ఇంట్లో అందరికన్నా హక్కున్నవాడు వాడు, ఆ హక్కు ఏం చేసుకోవాలో తెలియనివాడూ వాడే.

ఆఖరికి 2021 జనవరిలో అమ్మ బయల్దేరింది. అప్పటికి దానికి అరవయ్యెనిమిదేళ్ళు, బి.పి. మూతికి గుడ్డ, ముఖానికి ప్లాస్టిక్ తెర, చేతిలో వాడు, సంచీలో ఇద్దరి పరీక్షల కాగితాలూ, తల్లిదండ్రులు రాసి పంపిన అనుమతి పత్రమూ. డెభ్భయ్యయిదేళ్ళ నాన్నగారు ఒంటరిగా ఇక్కడ. ఆఫీసరు ఆర్నెల్లు రాశాడు. జూలై రెండో వారం దాకా.

ఒక పిల్లాణ్ణి ఒక అమ్మ దగ్గర్నించి ఇంకో అమ్మకి మార్చటానికి ఆర్నెల్లు చాలుతాయా? ఏ చట్టం రాసినవాళ్ళూ ఈ ప్రశ్న వేసుకుని ఉండరు. అమ్మ మొదటి నెల తను తినిపించింది, చెల్లెల్ని పక్కన కూచోబెట్టుకుంది. రెండో నెల కలిపింది తను, తినిపించింది అది. మూడో నెల అమ్మ భోజనాల వేళకి వీధిలోకి వెళ్ళి నడవటం మొదలెట్టింది. మార్చి నెల న్యూజెర్సీ చలి. "లోపల వాడు ఏడుస్తూ ఉంటాడే. కిటికీ లోంచి వినపడేది. నేను ఆ చివరి చెట్టు దాకా వెళ్ళి, అరవై లెక్కపెట్టి, మళ్ళీ వచ్చేదాన్ని" అని తరవాత చెప్పింది. పడక మార్చటానికి మాత్రం మే నెల దాకా పట్టింది.

ఆ మే నెలలో ఇక్కడ నాన్నగారికి జ్వరం. 12వ తారీకు నించి లాక్‌డౌను, పొద్దున్న ఆరు నించి పది దాకా వెసులుబాటు. మావారూ నేనూ ఆరింటికల్లా స్కూటరు మీద ఎల్బీ నగర్ చౌరస్తా దాటి కొత్తపేట మీదుగా వెళ్ళి, కషాయం, జావ, మందులు గుమ్మంలో పెట్టి, కిటికీలోంచి వేలికి పెట్టుకున్న మీటరు అంకె చూపించమని, పదిలోపల ఇల్లు చేరేవాళ్ళం. తొంభయ్యారు, తొంభయ్యయిదు, ఒకరోజు తొంభయ్యొకటి. ఆయన అమ్మతో ఫోన్ మాట్లాడేటప్పుడు ముందు గుక్కెడు వేణ్ణీళ్ళు తాగి, రెండు నిమిషాలు దగ్గేసి, అప్పుడు కెమెరా ముందు కూచునేవారు. "కాఫీ ఎవరిస్తున్నారు?" అనడిగేది అమ్మ. "నేనే పెట్టుకుంటున్నా, నీకన్నా బావుంది" అనేవారు. మాకెవరికీ ఆవిడకి చెప్పే ధైర్యం లేదు. చెబితే వచ్చేస్తుంది. వస్తే అక్కడ పని సగంలో ఆగిపోతుంది. పధ్నాలుగు రోజులకి ఆయన గండం గడిచి బయటపడ్డారు. పడ్డ తరవాత చెప్పాం. అమ్మ రెండు రోజులు మా ఎవరితోనూ మాట్లాడలేదు.

జూన్లో చెల్లెలు, "గడువు పొడిగించమని అర్జీ పెడతానమ్మా, ఇంకో నాలుగు నెలలు ఉండు" అంది. అర్జీ పెట్టటానికి వీలుంది, అన్యాయమేమీ లేదు. అమ్మ ఒక పూట ఆలోచించింది. "నా ఇంటికి దూరంగా ఉంటాను మహాప్రభో అని నేను అర్జీ పెట్టుకోవటమా? వద్దు. ఇంకో నాలుగు నెలలు నేనుంటే వాడు ఇంకో నాలుగు నెలలు నా వాడే" అంది. దాని గొంతులో కఠినత్వం అప్పుడే మొదటిసారి విన్నాను.

నిద్రపోతున్నప్పుడు వెళ్ళిపొమ్మని అంతా సలహా ఇచ్చారు. చెల్లెలు ఒప్పుకోలేదు. "లేచాక ఎవరూ లేకపోతే వాడు ఇక నిద్రపోడు" అంది. దానికీ తల్లితనం వచ్చిందన్నమాట. వాణ్ణి తీసుకునే విమానాశ్రయానికి వెళ్ళారు. వాడు గొడవ చెయ్యలేదు. అమ్మ కొంగు పట్టుకుని వదిలి, పట్టుకుని వదిలి, చివరికి వాళ్ళమ్మ మెడ పట్టుకున్నాడు. మర్నాడు ఫోన్లో అమ్మని చూసి, "ఫోనమ్మమ్మా" అన్నాడు.

ఇప్పుడు వాడికి ఓ.సి.ఐ. కార్డు ఉంది. సెలవుల్లో వస్తే మా సందు భాష సగం మర్చిపోయి వస్తాడు, వెళ్ళేలోగా మళ్ళీ నేర్చుకుంటాడు. వాళ్ళమ్మా నాన్నల సంగతే ఇంకా తేలలేదు. గ్రీన్‌కార్డు కోసం మరిది 2016లో వరసలో నించున్నాడు, నించునే ఉన్నాడు. ఉద్యోగాల మీద ఇచ్చేవి ఏడాదికి లక్షా నలభై వేలు. ఏ దేశానికీ అందులో వందకి ఏడు మించకూడదని మామూలు లెక్క. మన వాళ్ళు ఎక్కువమంది గనక మన వరస కదలదు. ఏ తేదీ దాకా వచ్చిందో నెలనెలా అక్కడి వాళ్ళు ఒక బులెటిన్ వేస్తారు. నాన్నగారు దాన్ని ఉగాది పంచాంగంలా చదువుతారు. ఒక నెల ముందుకి జరుగుతుంది, ఒక నెల నిలబడుతుంది, ఒక్కోసారి వెనక్కి నడుస్తుంది. "వక్రగతి" అంటారాయన.

2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్ళ కోసం కొత్తగా వేసే హెచ్‌-1బి అర్జీలకి లక్ష డాలర్లు కట్టాలని ప్రకటించినప్పుడు మా సందుల్లో హాస్టలు పిల్లలు టీ బండ్ల దగ్గర గుంపులు కట్టి నించున్నారు. ఒక కుర్రాడు నాన్నగారిని గుర్తుపట్టి, "తాతా, మీకు రూల్స్ తెలుసంట కదా, మా సంగతేంది?" అని అడిగాడు. నాన్నగారు వాణ్ణి ఇంటికి తీసుకొచ్చి కాఫీ ఇప్పించి గంటసేపు చెప్పారు. ఆ తరవాత ఇంకో ఇద్దరు వచ్చారు. ఇప్పుడు ఆదివారాలు మా అమ్మ అదనంగా అరలీటరు పాలు పోయించుకుంటోంది.

మొన్న నేను వెళ్ళేసరికి ఆయన రిజిస్టరు ముందేసుకుని కూచున్నారు. అమెరికా పౌరుడికి ఇరవయ్యొక్కేళ్ళు నిండితే వాడే తల్లిదండ్రులకి గ్రీన్‌కార్డు అడగొచ్చట. దానికి ఈ వరస లేదు. బుడ్డోడికి ఇరవయ్యొకటి నిండేది 2038 ఏప్రిల్లో. బులెటిన్ నడక లెక్క కట్టి చూస్తే, మరిది వరస కన్నా వాడే ముందొచ్చినా ఆశ్చర్యం లేదంటారు. ఆ తేదీ రిజిస్టరులో ఎక్కించారు. పక్కన రిమార్కుల గడిలో, అర్జీ ఫారం నంబరు రాసి, "నింపేటప్పుడు నేను చూడవలెను" అని రాశారు.

"అప్పటికి మీకు తొంభయ్యిరెండు" అంది అమ్మ వంటింట్లోంచి.

"అందుకే పెన్సిల్‌తో రాశాను" అన్నారు.